మూడు మచ్చల ఏదుముల్లు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. ఎలుకను చూస్తే పందికొక్కు అంటాను. పందికొక్కును చూస్తే అడవిపంది అంటాను. అడవిపందిని చూస్తే మాత్రం ఏమీ అనను, పరుగెత్తుతాను. మా ఘాటురోడ్డులో ఎన్ని మలుపులున్నాయని ఎవరైనా అడిగితే నేను చెప్పే లెక్కకు ఆ రోడ్డు సముద్రం దాటి సింహళం చేరాలి. మా ఆవిడ పెళ్లైన మొదటి ఏడే ఒక సూత్రం కనిపెట్టింది. నేను చెప్పినదాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లోంచి ఉప్పూ కారం తీసేస్తే నిజం మిగులుతుందట. చదివేవాళ్లు కూడా అదే సూత్రం వాడుకోవచ్చు. కోపం జోలికి మాత్రం వెళ్లొద్దు. అది పెంచింది కాదు. ఇన్నేళ్లుగా తగ్గించి తగ్గించి ఈ మాత్రానికి తెచ్చాను.

మాది మైదానం నుంచి కొండెక్కిన కుటుంబం. మా తాత ఒక తక్కెడ, రెండు బెల్లం దిమ్మలు పట్టుకుని అరకు వచ్చి కొట్టు పెట్టాడు. కొండమీది వాళ్లు సంతరోజున పిప్పళ్లు, చింతపండు, అడ్డాకులు తెచ్చి మాకిచ్చి, ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు పట్టుకెళ్లేవారు. నేను పుట్టింది ఆ కొట్టు వెనక గదిలో. పుట్టగానే ఏడవకుండా బెల్లం ధర అడిగానని అంటాను గానీ, ఆ మాటను మా అమ్మ ఏనాడూ ధ్రువీకరించలేదు.

తొంభైల చివర్లో మా చెల్లెలికి కడుపొచ్చింది. బావ సింగపూర్లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. చెల్లెలు అక్కడే ఉంది. ఐదో నెల రాగానే అక్కడి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. విమానం మాట ఎత్తొద్దంది. మా అమ్మ ఒక పూట ఏడ్చి, రెండో పూటకు తేరుకుని, మంచం దిగకపోతే సీమంతం మంచం మీదే జరగాలని తీర్పు చెప్పింది.

"గాజులు అక్కడా దొరుకుతాయట. పసుపూ దొరుకుతుందట. ఏదుముల్లు ఎక్కడ దొరుకుతుందిరా?" అంది నాతో. "మూడు తెల్లమచ్చలున్న ముల్లుతో మొగుడు పాపిట తీయాలి. నాకు మీ నాన్న తీశారు. మా అమ్మకు మా నాన్న తీశారు. దానికి అల్లుడు దువ్వెనతో తీస్తాడా?"

"దువ్వెనకు కూడా ముళ్లు ఉంటాయి కదమ్మా."

"వెధవ హాస్యాలు కొట్లో చెప్పుకో. ముల్లు తీసుకుని నువ్వే వెళ్లు. పాస్‌పోర్టు ఎందుకు చేయించుకున్నావు, బీరువాలో పెట్టుకుని చూసుకోవడానికా?"

ఆ పాస్‌పోర్టు నేను బావ మాటలు విని, ఏనాటికైనా సింగపూర్లో కొట్టు పెడదామని చేయించుకున్నది. దాంట్లో ఒక్క ముద్రా లేదు. సరే అన్నాను.

మా ఇంట్లో జరిగిన సీమంతాలన్నిటికీ ఏదుముల్లు ఒక్క మనిషే తెచ్చేవాడు. రెండు కొండల అవతల, గెడ్డ, అంటే కొండవాగు, దాటాక ఉన్న పల్లెలో ఒక ముసలాయన. మా తాత కాలం నుంచీ మా కొట్టుకు పిప్పళ్లు తెచ్చేవాడు. ఏదుపందిని ఆయన చంపడు. దాని బొరియలెక్కడున్నాయో ఆయనకు తెలుసు. ఏదుపంది దూరేటప్పుడూ వచ్చేటప్పుడూ రాలిన ముళ్లు బొరియ నోటి దగ్గర పడి ఉంటాయి. ఏరుకొస్తాడు, అంతే. ఈసారి నేనే కొండెక్కి వెళ్లాను. ఆ ఎక్కుడు గురించి చెబితే మూడు పేజీలవుతుంది. నాలుగుతో భాగిస్తే ముప్పావు పేజీ. అదీ వదిలేస్తున్నాను.

ముసలాయన గుమ్మంలో చేట అల్లుకుంటున్నాడు. ఆయన భార్య పక్కనే కూర్చుని చిక్కుడుగింజలు వలుస్తోంది. ఆమెకు కాళ్లు పనిచేయవు. గుమ్మం నుంచి పొయ్యి దాకా కూర్చునే జరుగుతుంది. తెల్లటి జుట్టును కొప్పు చుట్టి, దానికి అడ్డంగా ఒక ఏదుముల్లు గుచ్చుకుంది.

"ఏటి బాబూ, నువ్వే వచ్చినావు? కొట్టు ఎవులికి ఒగ్గేసినావు?" అన్నాడు ముసలాయన.

"ముల్లు కావాలి తాతా. చెల్లికి సీమంతం."

"మన గుంటకే? అయితే మంచిది సూడాల."

"నా కొప్పులోది ఇచ్చేద్దును" అంది ముసలమ్మ. "దీనికి రెండే మచ్చలున్నాయి. నాకు సరిపోద్ది. మీ పంతులుగారికి సరిపోదు."

"ఆయన కొప్పు పెట్టుకుంటే సరిపోద్ది" అన్నాడు ముసలాయన. ఆమె ఒక చిక్కుడుతొక్క తీసి ఆయన మీదకు విసిరింది.

ఇద్దరం బొరియ దగ్గరకు వెళ్లాం. ఆ బొరియ బొర్రా గుహల్లో సగం ఉంటుంది. టికెట్టు పెట్టి జనాన్ని పంపొచ్చు. ముసలాయన వంగి, రాలిన ముళ్లు ఒక్కొక్కటీ ఎండకు పట్టి చూశాడు. ఒకదానికి మచ్చ మసకగా ఉందన్నాడు. ఒకదానికి కొస విరిగిందన్నాడు. పట్టుచీరలు చూసే పెళ్లివారు కూడా అంత పేచీ పెట్టరు. చివరికి ఒకటి తీశాడు. బారెడు ముల్లు. నల్లటి ఒంటిమీద మూడు తెల్లమచ్చలు, గీత గీసి రంగు వేసినట్టు.

"ఇరిగిందంటే పనికిరాదు" అని ఇంటికొచ్చి ఒక వెదురుగొట్టం కోశాడు. ముల్లు చుట్టూ మెత్తటి ఆకు చుట్టి గొట్టంలో పెట్టి, రెండు కొసలూ తేనెమైనంతో మూసేశాడు. కొండమీద గింజలైనా, మందులైనా, కూతురికి పంపే పసుపుకొమ్ములైనా దాచేది అలాగే. దాంట్లోకి నీళ్లు పోవు, చీమ పోదు, గాలి కూడా అడిగి పోవాలి.

గొట్టం చేతిలో పెడుతూ గొంతు తగ్గించాడు.

"బాబూ, ఒక్క మాట. ఎవులైనా అడిగితే నా పేరు సెప్పకు. ఇంటి వాసాలకి రెండు ఎదుర్లు కొట్టినానని మొన్న కేసు రాసినారు. ఇంకోటి రాసినారంటే లోపలెట్టేత్తారంట. నాను లోపలుంటే దీనికి నీళ్లు ఎవులు తెత్తారు?"

నేను ముసలమ్మ వైపు చూశాను. ఆమె చిక్కుళ్లు వలుస్తూనే ఉంది.

"నా తల తెగినా చెప్పను తాతా" అన్నాను.

"తల తెగీ దాకా ఎవులూ అడగరులే బాబూ" అని నవ్వాడు.

ఆ ఏడు వానల్లోనే మా ఊళ్లోకి సీతాకోకచిలుకల సారు దిగాడు. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. నగరం మనిషి. స్టేషనుకు ఎదురుగా ఉన్న లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాడు. ఆయన కోటుకు పందొమ్మిది జేబులు. ఒక్కో జేబులో ఒక్కో రకం పట్టకారు. మెడలో భూతద్దం. చేతిలో ఏదో పరిశోధనా సంస్థ వాళ్లు ఇచ్చారన్న ఉత్తరం. దానిమీద కంచమంత ముద్ర. ఆ ఉత్తరాన్ని ఆయన టీకొట్టువాడికి కూడా చూపించేవాడు.

రెక్క చిరగని చిలుకను తెస్తే డబ్బులిస్తానన్నాడు. అంతే. పోడు మీద కలుపు ఆగిపోయింది. పెద్దపెద్దవాళ్లు దోమతెర గుడ్డలు కర్రలకు కట్టుకుని గాలికొండ వైపు పరుగులు. సంతరోజున ఆయన గది ముందు నిలబడ్డ వరస రేషను వరసను మించిపోయింది. ఆయన ఒక్కో చిలుకను రెండు వేళ్ల మధ్య పట్టి, రొమ్ము దగ్గర చిన్నగా నొక్కేవాడు. టప్‌మని చప్పుడు కూడా రాదు. రెక్కలు మడిచి, ముక్కోణంగా మడిచిన కాగితంలో పెట్టి, మీద ఏదో రాసి, డబ్బాలో పేర్చేవాడు. కొమ్ముపురుగులనైతే ప్రాణాలతోనే కెమెరా ఫిల్ము డబ్బాల్లో వేసేవాడు. ఆ గదిలోంచి కలరా ఉండల వాసన వీధిలోకి కొట్టేది.

ఆ ముక్కోణాల కాగితం ఎక్కడిదనుకుంటున్నారు? మా కొట్టుది. పాత పేపర్లు తూకానికి కొనుక్కున్నాడు. మా నాన్న సంతోషంగా తూచి ఇచ్చాడు. మా నాన్నకు ఒక అలవాటుంది. పేపరు చదవడం అయిపోయాక అందులోని మంత్రుల ఫొటోలకు పెన్సిలుతో మీసాలు పెడతాడు. మీసాలున్న మంత్రికి గడ్డం పెడతాడు. ఆ పేపర్లే సారు పట్టుకెళ్లాడు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

నేను ప్రయాణమైన రోజు బస్సులో ఘాటు దిగాను. ట్రంకుపెట్టెలో చీర, గాజులు, మేడికాయల గుత్తి, అమ్మ చేసిన చలిమిడి, మధ్యలో వెదురుగొట్టం. ఘాటు అడుగున అటవీశాఖ చెక్ పోస్టు. బస్సు ఆగింది. ఇనుపచువ్వలు పట్టుకుని ఇద్దరు ఎక్కారు.

సంతకు దిగుతున్న కొండ ఆడవాళ్లు పదిమంది ఉన్నారు బస్సులో. ఒక్కొక్కరి గంపా దించారు. చింతపండు బుట్టలో చువ్వ గుచ్చారు. ఉసిరికాయలు కుమ్మరించి లెక్కపెట్టినంత పని చేశారు. తేనె సీసా మూత తీసి వాసన చూసి, వాసన చాలక రుచి చూశారు. ఒకామె కొండచీపుళ్ల కట్టను విప్పమన్నారు.

"దులిపి సూడు బాబూ, దులిపి సూడు. ఏనుగు దిగుద్ది" అందామె.

బస్సంతా నవ్వింది. చువ్వవాడు నవ్వలేదు. కట్ట విప్పించాడు. అడవిలో మొలిచిన గడ్డిని అడవిలో ఉండే మనిషి కోసుకుని, చీపురు కట్టుకుని అమ్ముకుంటే, ఆమె దాంట్లో ఏ పులిని దాచిందోనని వెతుకుతున్నారు. నా వరస వచ్చింది. పెట్టె తాళం తీయబోయాను.

"శెట్టిగారబ్బాయా? ఉంచండుంచండి" అన్నాడు చువ్వవాడు. వాళ్ల ఇంటి పప్పూ ఉప్పూ మా కొట్లోంచే వెళతాయి. బస్సంతటికీ ఏకైక వన్యప్రాణి వస్తువు నా పెట్టెలో ఉంది, దాన్నొక్కదాన్నే వదిలేశారు. ఆ సమయానికి నాకు అది అన్యాయంగా తోచలేదు. హాయిగా తోచింది. ఆ వెనకే సీతాకోకచిలుకల సారు జీపు వచ్చింది. అది ఆగకముందే అడ్డకర్ర పైకి లేచింది. ఒకడు సలాము కూడా కొట్టాడు. ఆయన కిటికీలోంచి ఉత్తరం ఊపాడు.

విమానాశ్రయం ఏ ఊరిదో చెప్పను. దక్షిణాన ఒక పెద్ద ఊరు. రైల్లో ఒక రాత్రి ప్రయాణం చేసి, పొద్దున్నే వెళ్లి వరసలో నిలబడ్డాను. విమానం మధ్యాహ్నం. నా ట్రంకుపెట్టె చూసి ముందున్న సూట్‌కేసులు కాస్త దూరం జరిగినట్టు అనిపించింది. పెట్టె ఎక్స్‌రే యంత్రంలోకి వెళ్లింది. అటు నుంచి బయటికి రాలేదు. యంత్రం ఆగిపోయింది. తెర చూస్తున్నవాడు లేచి నిలబడ్డాడు. పొడుగాటి గొట్టం, రెండు కొసలూ మూసి, లోపల సన్నగా ఏదో పుల్ల. పక్కనే అట్టకట్టిన ముద్ద. ఆ ముద్ద మా అమ్మ చలిమిడి. వాడికి అది ఎలా కనిపించిందో మీరే ఊహించుకోండి.

నలుగురు పోలీసులు, ఇద్దరు కస్టమ్స్ వాళ్లు, ఒక కుక్క వచ్చారు. కస్టమ్స్ వాళ్లలో ఒకాయన నెల్లూరు మనిషి. తెలుగు వినగానే ప్రాణం లేచొచ్చింది. కాసేపే.

"ఏందయ్యా ఈ గొట్టం?"

"వెదురు సార్."

"వెదురని తెలస్తానే ఉండాది. లోపల ఏందని?"

"ముల్లు సార్."

"ముల్లుకి ఇంత పెట్టెందుకు?"

"విరిగితే పనికిరాదు సార్. సీమంతానికి."

ఆయన చలిమిడి వైపు వేలు చూపించాడు. "ఇదేంది, సిమెంటా?"

"చలిమిడి సార్. కావాలంటే తినండి. కాస్త గట్టిపడింది."

కుక్క ఒక్కటే దాని మీద ఆసక్తి చూపించింది.

నన్ను పక్కకు నిలబెట్టి గొట్టం మైనం గీకుతుండగా, పక్క బల్ల దగ్గర ఒక పెద్ద సూట్‌కేసు తెరిచారు. కలరా ఉండల వాసన వచ్చింది. తలెత్తి చూద్దును కదా, పందొమ్మిది జేబుల కోటు. మా సారే. పెట్టెనిండా కాగితపు ముక్కోణాలు, ఇటుకలు పేర్చినట్టు పేర్చి ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఉన్న ముక్కోణం మీద ఒక మంత్రిగారి సగం ముఖం. దానికి పెన్సిలుతో పెట్టిన మీసం. మా నాన్న మీసం. ఆ వంపు నాకు తెలియదా?

సారు ఉత్తరం తీశాడు. ముద్ర చూపించాడు. బల్ల దగ్గరివాడు ఉత్తరం కింద నుంచి పైకి చదివాడో, అసలు చదవలేదో. ఒక్క ముక్కోణమూ విప్పలేదు. పెట్టె మూసి, మూత మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశాడు. అంటే చూసేశాం, పోవచ్చని.

"సార్, ఆ పెట్టెలో మా కొండల సీతాకోకచిలుకలున్నాయి" అన్నాను నెల్లూరాయనతో. "వందలు. ఆ కాగితాలు మా కొట్టువే. ఆ మీసం మా నాన్నది."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. మీసం మాట రాకుండా ఉండాల్సింది.

"ఆయన కాడ కాయితం ఉందయ్యా. నీ కాడ ఉందా?"

"రాలిన ముల్లుకు కాయితం ఎవరిస్తారు సార్?"

"అదేగదా నేనూ అడగతా ఉండేది."

మా కొండల మీద ఎగిరే రంగులన్నీ ఒక పెట్టెలో పడి, సుద్దగీత గీయించుకుని నా కళ్లముందే రబ్బరు పట్టామీద దొర్లుకుంటూ లోపలికి వెళ్లిపోయాయి. ఈ పాతికేళ్లలో ఆ గీత గుర్తొచ్చినప్పుడల్లా నాకు తిన్నది అరగదు. చట్టం ఉండాలి. ఏదుపందిని చంపి ముళ్లు పీకి అమ్మేవాణ్ని పట్టుకోవాలి, నేను కాదనను. కానీ చీపురుకట్ట విప్పించిన చేయి ఆ సూట్‌కేసు దగ్గర ఎందుకు ఆగింది? ప్రాణమున్నదాని రొమ్ము నొక్కినవాడికి కాయితం దొరికింది. ప్రాణమున్నది తనంతట తాను రాల్చుకున్నదాన్ని ఏరుకున్నవాడికి కేసు దొరికింది. ఆ ఉత్తరంలో ఏముందో ఆ బల్ల దగ్గర ఒక్కడైనా చదివి ఉంటే చాలు, నేనిలా రాయాల్సిన పని ఉండేది కాదు.

నన్ను లోపల గదికి తీసుకెళ్లారు. వన్యప్రాణుల సంగతి తెలిసిన ఒకాయన్ను పిలిపించారు. ఆయన ముల్లును తెల్లకాగితం మీద పెట్టి, లావుపాటి పుస్తకం తిరగేసి, ఇది ఫలానా జంతువుది, దేశం దాటించడం నేరం అని చెప్పాడు. నెల్లూరాయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఎవరిచ్చారు?"

కాళ్లు పనిచేయని ముసలమ్మ, గుమ్మం పక్కన ఖాళీ కుండ కళ్లముందు కదిలాయి.

"ఎవరూ ఇవ్వలేదు సార్. మా పెరట్లో గుమ్మడికాయలు తినడానికి ఒక ఏదుపంది వచ్చింది. దూడంత ఉంటుంది. నేను ఎదురు నిలబడ్డాను. అది ఒళ్లు విదిలించింది. ఇరవై ముళ్లు నన్ను పట్టుకున్నాయి. పద్దెనిమిది మా నాన్న పీకాడు. ఒకటి ఇది."

"ఇరవయ్యోది?"

"తొడలో ఉంది సార్. వానొస్తే నొప్పి పెడుతుంది." చేయి ప్యాంటు బొత్తాం మీదకు పోనిచ్చాను.

"ఒద్దులేవయ్యా" అన్నాడాయన కంగారుగా. గదిలో అందరూ నవ్వారు. పుస్తకం ఆయన కూడా నవ్వాడు. పెరట్లో దొరికినది అని రాసి, ముల్లును ఒక కవరులో పెట్టి లక్కముద్ర వేసుకుని, నన్ను హెచ్చరించి పంపేశారు. నేను పరుగున విమానం ఎక్కాను.

సింగపూర్లో మా బావ చివరికి దర్భపుల్లతోనే పాపిట తీశాడు. వెల్డింగు చేసే చేయి కదా, తిన్నగానే వచ్చింది. సమయానికి ఆడపిల్ల పుట్టింది. చలిమిడి సగమే చేరింది. మిగతా సగం ఏ చేతుల్లో విరిగి పరీక్షకు వెళ్లిందో ఎవరూ చెప్పలేదు.

ఈ కథ నేను కొట్లో, పెళ్లిళ్లలో, రైల్లో, ఆఖరికి పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా చెప్పాను. జనం పగలబడి నవ్వేవారు. కొందరు సారు మీద కోపంతో నాతోపాటు పళ్లు కొరికేవారు. ఇప్పుడు భాగహారం నేనే చేస్తాను. కోటుకు జేబులు ఆరు. బొరియలో నా తల కూడా పట్టదు. నలుగురు పోలీసులు కాదు, ఒకడు. కుక్క నిజం. సారు నిజం, ముక్కోణాలు నిజం, సుద్దగీత నిజం. ఎవరూ నమ్మరు గానీ మంత్రి మీసం కూడా నిజమే.

పెరట్లో ఏదుపంది లేదు.

నెల్లూరాయన ఎవరిచ్చారని అడిగాడు. నేను నోరు తెరిచాను, ఏ అబద్ధమూ రాలేదు. జీవితమంతా పిలవకుండా వచ్చేవి, ఆ రోజు పిలిచినా రాలేదు. ఆయన ఒక తెల్లకాగితం, పెన్ను నా ముందుకు జరిపాడు. "పేరు, ఊరు రాసి పో. ఇమానం పోతా ఉండాది" అన్నాడు. గోడ మీద గడియారం ఉంది. నేను దాన్నే చూస్తూ రాశాను. పేరు రాశాను. పల్లె పేరు రాశాను. గెడ్డ దాటాక ఎడమవైపు, పనసచెట్టు పక్కన ఇల్లు అని కూడా రాశాను. పనసచెట్టు సంగతి ఎవరూ అడగలేదు. ఒక్క అక్షరం పెంచలేదు, తగ్గించలేదు. ఆ దూడంత ఏదుపంది నాకు తట్టింది విమానం సముద్రం మీదకు వెళ్లాక.

నేను తిరిగొచ్చేసరికి అయిపోయింది. కాగితం ఆ ఆఫీసు నుంచి ఈ ఆఫీసుకు వచ్చింది. ఇద్దరు వెళ్లి ఇల్లు వెతికారు. చేటలు, చిక్కుళ్లు తప్ప ఏమీ దొరకలేదు. ముసలమ్మ కొప్పులోంచి రెండు మచ్చల ముల్లు లాగి, అదే సాక్ష్యమని పట్టుకెళ్లారు. ముసలాయన్ను పదకొండు రోజులు లోపల పెట్టారు. పదకొండును భాగించకండి. ఆ పదకొండు రోజులూ ఆమె కుండ ఎవరు నింపారో నేను అడగలేదు. తర్వాత వాయిదాకని, వాయిదాకని ఏడాదిపాటు ఆయన కొండ దిగి కోర్టుకు తిరిగాడు. ఒక సంతరోజున మా కొట్టుకు వచ్చి, జడకు పెట్టుకునే ఎర్ర ప్లాస్టిక్కు క్లిప్పు ఒకటి అడిగాడు. "ముసిల్దానికి" అన్నాడు. నేను తీసిచ్చాను. "మన గుంటకి పురుడు బాగా అయిందా బాబూ?" అని అడిగాడు. అయిందన్నాను. ఆయనకు సంగతి తెలియదనుకున్నాను.

తర్వాత మూడేళ్లకు నాకు పెళ్లయింది, మా ఆవిడకు ఐదో నెల వచ్చింది. మా అమ్మ ఈసారి ఏదుముల్లు మాట ఎత్తలేదు. వెండి దువ్వెన ఉందిగా, అదే చాలులే అంది. ఆ శుక్రవారం సంతకు ముసలాయన వచ్చాడు. పిప్పళ్ల మూట దించి, పంచె మడతలోంచి ఒక వెదురుగొట్టం తీసి కాటా పక్కన పెట్టాడు. రెండు కొసలకూ తేనెమైనం.

"సీమంతం అంట గదా" అన్నాడు.

"తాతా, ఆ రోజు నీ పేరు..." అన్నాను.

"ఎరుగుదును బాబూ. పనసచెట్టు గురుతు బాగా రాసినావు. ఆ కాయితం నాకు సదివి ఇనిపించినారు." పిప్పళ్ల మూట ముడి విప్పుతున్నాడు. "తూకం బేగి సూడు. బస్సు ఎలిపోద్ది."

తూచాను. మళ్లీ తూచాను. ఆయన ఉప్పు, టీపొడి తీసుకుని గుమ్మం దిగి, ఆగి వెనక్కి చూశాడు.

"దీన్ని మాత్రం ఇమానం ఎక్కించకు" అన్నాడు.

ఆయన వెళ్లాక మైనం గీకి ముల్లు బయటికి తీశాను. మూడు మచ్చలు, చెదరకుండా ఉన్నాయి. మొదటి ముల్లు బారెడని పైన రాశాను. అదీ ఇదీ ఒకటే కొలత. జానెడు.